మూడో గంటలో నిమ్మతోట

ఆదివారం పేజీలో అత్తర్ల మీద సమీక్షలు రాసే పెద్దమనిషి ఇల్లు. శనివారం పొద్దున్న తొమ్మిదిన్నర. రాజగంధం అనే అత్తరు తయారుచేసే దుకాణదారు, కుర్చీ చూపించకముందే అడగాల్సింది అడిగేశాడు. వారం రోజులుగా కంటి మీద కునుకు లేనివాడు అంతకన్నా మర్యాదగా ఉండలేడు.

"నిమ్మ ఎక్కడిది సార్?"

"ముందు కూర్చోండి."

"కూర్చుంటాను. నిమ్మ ఎక్కడిది?"

"ఏ నిమ్మ?"

"మీరు రాసిన నిమ్మ. కిందటి ఆదివారం. ‘రాజగంధం రాసుకున్న మూడో గంటలో గంధపు తలుపు ఓరగా తెరుచుకుంటుంది, అవతల ఒక నిమ్మతోట కనిపిస్తుంది.’ కంఠతా వచ్చేసింది నాకు. ఆ అత్తరు చేసేది నేను. నిమ్మకాయన్నది నా దుకాణం గుమ్మం తొక్కలేదు."

"మీరు చేస్తారు. మేం చదువుతాం."

"ఏం చదువుతారు, సీసా మీద కాగితమా?"

"ఒంటిని. సీసాలో అత్తరు నిద్రపోతుందండీ. ఒంటి మీద లేస్తుంది. గంటగంటకీ ఒక ముఖం చూపిస్తుంది. అది అందరికీ అందదు."

"అందట్లేదనే వచ్చాను. సోమవారం నుంచి జనం సీసాలు తెచ్చి బల్ల మీద పెడుతున్నారు. నిమ్మ రాలేదంట. ఒకావిడైతే మణికట్టు ముక్కుకి ఆనించుకుని దుకాణంలోనే బైఠాయించింది. నిమ్మ వస్తేగానీ కదలనంది."

"వచ్చిందా?"

"ఆకలి వచ్చింది. లేచి వెళ్ళింది."

"మూడు గంటలు కూడా ఆగలేకపోతే ఎలా?"

"నాలుగున్నర ఆగింది. ఇంకొకాయనకి మాత్రం వచ్చిందట."

"చూశారా మరి."

"ఆయనకి అయిదో గంటలో మీరు రాసిన తడి సున్నం కూడా వచ్చిందట. రానివాళ్ళ చేతుల వంక జాలిగా చూసి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో, ఇంకో ఇద్దరికి వచ్చేసింది."

"అభిరుచి పెరగడమంటే అదే."

"మిగతావాళ్ళు కల్తీ అంటున్నారు సార్. పేపర్లో మెచ్చుకున్న సరుకు వేరు, మాకు అంటగట్టింది వేరు అంటున్నారు. బోర్డు మీద మా నాన్న పేరుంది. ఆ పేరు పక్కన కల్తీ అన్న మాట వింటుంటే నాకు ముద్ద దిగట్లేదు. సాయంత్రం అయిదులోపల మీరు సవరణ పంపితే రేపటి పేజీలో పడుతుందట, కనుక్కునే వచ్చాను. ఒక్క ముక్క చాలు. నిమ్మ నా పొరపాటు అని."

"పదకొండేళ్ళలో నేను సవరణ రాయలేదు."

"పోనీ ఆ చెయ్యిలా ఇవ్వండి. నేనే రాస్తాను. ఇక్కడే కూచుంటాను. నిమ్మ వస్తే మీకు క్షమాపణ చెప్పి వెళ్తాను."

"నా చెయ్యా?"

"మీ చెయ్యే."

"నా చేతికి రాసుకోను."

"అదేంటి?"

"నాది వేడి ఒళ్ళు. అత్తరు నిలవదు. పైగా రాసేవాడు తన వాసన తానే చూసుకుంటే ఇంక నిష్పాక్షికత ఏముంటుంది?"

"మరి ఇన్నాళ్ళూ ఎవరి చెయ్యి చూసి రాశారు?"

"ఏమోయ్, ఒకసారి ఇలా రా."

"చేతులు తుడుచుకుని వస్తున్నా. …రాజగంధం అన్నయ్యగారా? కూర్చోండి, నిలబడ్డారేం?"

"ఇదిగోనండీ, మా ఆవిడ. ఈ మణికట్టే నా కాగితం."

"కాగితమైతే ఈపాటికి చిరిగిపోయేది. ఏం కావాలో చెప్పండి, అవతల పొయ్యి మీద పాలున్నాయి."

"అమ్మా, అత్తరు మీకు ఎన్నింటికి రాస్తారు?"

"ఏడింటికండీ. ఈయనే రాస్తారు, పుల్లతో. ఇంక అక్కణ్ణుంచి గంటకోసారి నేనెక్కడుంటే అక్కడికొచ్చి చెయ్యి పట్టుకుని వాసన చూసి, రాసుకుని వెళ్తారు."

"అంటే మూడో గంట పదింటికి. పదింటికి మీరెక్కడుంటారమ్మా?"

"ఇంకెక్కడుంటాను, గిన్నెల దగ్గర."

"దేంతో తోముతారు?"

"సబ్బుతో."

"ఏం సబ్బు?"

"పచ్చది. పైన నిమ్మకాయ బొమ్మ ఉంటుందే, అది."

"…సార్."

"ఊఁ."

"విన్నారా?"

"విన్నాను. అది కాకతాళీయం."

"కాకతాళీయమా? అయిదో గంట సంగతి చూద్దాం. ‘తడి సున్నం, పాడుబడ్డ కోటగోడ.’ పన్నెండింటికి ఏం చేస్తారమ్మా?"

"స్నానాలగది కడుగుతాను. బ్లీచింగ్ పౌడరు."

"ఏడో గంట. ‘వెచ్చని నూలు, దూరాన ఎక్కడో మంట.’"

"ఇస్త్రీ. దూరానేం కాదు, ఆ కిటికీ పక్కనే. ఈయన చొక్కాలే."

"తొమ్మిదో గంట. ‘రాగి నాణెం, పేరులేని దుఃఖం.’"

"దుఃఖమా? నాలుగింటికి… ఆఁ, బస్సు. పాపని బడి నుంచి తీసుకొస్తాను. వచ్చేదాకా పైకడ్డీ పట్టుకునే నిలబడాలి. ఈయన వాకిట్లోనే ఎదురొచ్చి వాసన చూస్తారు. దుఃఖమేం లేదండీ, సీటు దొరకదు, అంతే."

"ఆ వాక్యానికి నాకు నలభై ఉత్తరాలొచ్చాయి."

"నేను ఇన్నేళ్ళు నిలబడితే ఒక్కటీ రాలేదు."

"ఇప్పుడా మాట అవసరమా, బయటివాళ్ళ ముందు?"

"అవసరమేనండీ. పదకొండేళ్ళుగా రోజుకి పది మాట్లు నా చెయ్యి పట్టుకుంటున్నారు. ఆ చేతిలో పీచుందో, చీపురుందో, ఇస్త్రీపెట్టె ఉందో ఒక్కసారైనా చూడలేదా మీరు?"

"వాసన చూసేటప్పుడు నేను కళ్ళు మూసుకుంటాను. నీకు తెలుసుగా."

"తెలుసు. ఎందుకు మూసుకుంటారో ఇవాళ తెలిసింది. నాకు చాలా కోపంగా ఉంది, అది కూడా తెలుసుకోండి."

"అమ్మా, మీ కోపం న్యాయమైనదే, నేను ఒప్పుకుంటాను. కానీ నా గొడవ అయిదులోపల తేలాలి. నేనొక మాట చెబుతాను. ఇదిగో, కొత్త సీసా. మూత నేనే బిగించాను. ఇవాళ మీరు ఒట్టి నీళ్ళతో చెయ్యి కడుక్కుని, ఏ పనీ ముట్టుకోకుండా ఆ సోఫాలో కూర్చోండి. పని లేని ఒంటి మీద రాజగంధం ఏం మాట్లాడుతుందో సార్ అదే రాస్తారు. అక్షరం ఎక్కువొద్దు, అక్షరం తక్కువొద్దు."

"మరి ఇంట్లో పనులు?"

"మీరున్నారుగా సార్."

"నేనా?"

"నాకు సమ్మతమే అన్నయ్యగారూ."

"నిన్నెవరడిగారోయ్?"

"చెయ్యి నాదండీ. నన్నే అడిగారు."

పదకొండయింది. పదింటికి దుకాణదారు చేత అత్తరు రాయించుకున్న ఆవిడ సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుంది. దుకాణదారు ఎదురుగా కుర్చీలో, పరీక్ష బాగా రాసి ఫలితం కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు. పెద్దమనిషి గొంతు వంటింట్లోంచి వస్తోంది.

"ఏమోయ్, పీచెక్కడ?"

"కుళాయి వెనకాల."

"ఏ కుళాయి?"

"మన వంటింట్లో ఒకటే కుళాయండీ."

"…పాలగిన్నె అడుగంటింది. దీన్ని పారెయ్యనా?"

"తోమండి."

"పోవట్లేదు."

"ఇంకాస్త తోమండి. గంధం తలుపు తెరుచుకునేదాకా."

"పాపం వదిలెయ్యండమ్మా. ఏదీ, చెయ్యొకసారి. …ఆహా. చూశారా? గంధం. శుద్ధమైన గంధం. ఎక్కడైనా నిమ్మ ఉందా?"

"లేదండీ. బాగుంది."

"బాగుండక? మా నాన్న హస్తవాసి అది. ఆయన పోతూ నాకు అప్పగించింది ఆ బోర్డు ఒక్కటే."

"మా అమ్మ మీ నాన్నగారి దుకాణం అత్తరే వాడేది. జాకెట్టు రెండు ఉతుకులు ఉతికినా వాసన పోయేది కాదు."

"అదీ మాట. సార్, ఈ ముక్క కూడా రాసుకోండి."

"చేతులు ఖాళీ లేవండీ."

ఒంటిగంట. మూడో గంట ఇదే. స్నానాలగదిలోంచి దబదబా నీళ్ళ చప్పుడు, మధ్యమధ్య మూలుగు.

"ఇప్పుడు చెప్పండమ్మా. ఏముంది?"

"నన్నడుగుతున్నారా? ఆయన్ని పిలవనా?"

"ఆయన వద్దు, మీరే చెప్పండి. మీ మాట మీద నాకు గురి కుదిరింది."

"గంధం వెళ్ళిపోయిందండీ."

"వెళ్ళిపోవడమేంటి? దిగి ఉంటుంది. లోపలికి."

"ఎక్కడికి లోపలికి?"

"ఒంట్లోకి. అది రెండో దశ అంటారు. సార్‌ని అడిగితే చెబుతారు."

"ఏమో మరి. పైన మాత్రం మైనం వాసనొస్తోంది. కొవ్వొత్తి ఆర్పేశాక వస్తుందే, అలాంటిది."

"కొవ్వొత్తా? సరిగ్గా చూడండి."

"మీరే చూడండి."

"…నాకు కొంచెం జలుబుగా ఉంది."

"పదకొండింటికి లేదుగా?"

"ఇప్పుడే చేసింది. ఫ్యాను గాలికి."

మూడు గంటలు. పెద్దమనిషి పనులన్నీ ముగించి, నడుం పట్టుకుని, చొక్కా చేతులు మోచేతుల పైకి లాక్కుని వచ్చాడు. ఒళ్ళు హూనమైనా ముఖం మాత్రం వెలుగుతోంది.

"అయిదో గంట కదూ? ఏదోయ్, చెయ్యి. …ఆగండాగండి. నిమ్మ. నిమ్మ వస్తోంది. నేను చెప్పలా?"

"అది మీ చెయ్యండీ. నాది ఇదిగో."

"ఓ. …ఊఁ."

"సార్, ఏమొచ్చింది?"

"ఏం లేదు."

"ఏం లేదంటే? కాస్త నిదానంగా చూడండి. కోటగోడలాంటిదేమైనా?"

"లేదు."

"పోనీ దూరాన మంట?"

"లేదండీ. ఒట్టి చెయ్యి. చందనం లేదు, చట్టుబండలూ లేవు. అసలేం రాశారు దీనికి?"

"రాజగంధమే. మీ ఎదురుగానే రాశాను కదా."

"అయితే సవరణ రాయాల్సిందే. కూర్చుంటాను. పదకొండేళ్ళలో మొదటి సవరణ, మామూలుగా ఉండకూడదు. వినండి. ‘కిందటి వారం నిమ్మ నా పొరపాటు. అది మా ఇంటి సబ్బు. ఏ పనీ అంటని ఒంటి మీద రాజగంధం మొదటి గంటలో గంధం, మూడో గంటలో ఆర్పిన కొవ్వొత్తి, అయిదో గంటలో శూన్యం.’ అక్షరం ఎక్కువ లేదు, అక్షరం తక్కువ లేదు. మీరడిగినట్టే."

"శూన్యం అంటే ఏదో ఉన్నట్టు ఉందండీ. ‘ఏమీ లేదు’ అని రాయండి."

"అది ఇంకా బాగుందోయ్. మార్చేస్తున్నాను."

"ఉండమ్మా, నువ్వు ఉండు. సార్, మీరు తొందరపడకండి. సీసాలో ఉన్నది వేరు, ఒంటి మీద లేచేది వేరు. మీరే అన్నారు పొద్దున."

"అన్నాను. లేవలేదు."

"అందరికీ అందదని కూడా అన్నారు."

"అన్నయ్యగారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ నాన్నగారి అత్తరు రెండు ఉతుకులు ఆగేది. మీది మూడు గంటలు ఆగట్లేదు. ఇందులో గంధం ఎంత వేస్తారు?"

"ఎంతంటే… పూర్వంలా చెక్క దొరకట్లేదమ్మా."

"దొరికినంత వేస్తారా?"

"దొరకట్లేదు అంటున్నానుగా."

"అంటే అసలు వెయ్యరా?"

"గంధంలాంటిదే ఒకటి వస్తుంది, డబ్బాలో. రెండు చుక్కలు. మిగతాది మైనపు నూనె. రంగులో తేడా రాదు. ఆ డబ్బా మీద కూడా గంధం చెట్టు బొమ్మే ఉంటుంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడేళ్ళు. ఎవరూ కనుక్కోలేదమ్మా. సార్ కూడా మూడు మాట్లు మెచ్చుకుంటూ రాశారు."

"నేను రాసింది మా ఆవిడ గురించి అని ఇవాళ తేలిందిగా. ఆఁ, సవరణ పూర్తయింది. మూడు వాక్యాలు. దీనికి వంద ఉత్తరాలు రాకపోతే అడగండి. పేపరువాళ్ళకి ఫోన్లో చదివేస్తాను."

"సార్, ఒక్క గంట ఆగండి. ఇంకా అయిదు కాలేదు. ఆరో గంట ఉంది, ఏడో గంట ఉంది. అప్పుడే ఫోను తీశారేం? చెల్లెమ్మా, మీరైనా చెప్పండి. రేపు ఇది పడితే పొద్దున్నకల్లా మా నాన్న పేరు మీద మట్టి కొడతారు."

"నేనేం చెయ్యనన్నయ్యగారూ? ఏ పనీ ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదు. కదలొద్దన్నారు, కదల్లేదు."

"నేనే అన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను. చెల్లెమ్మా, మీకు దణ్ణం పెడతాను, ఆయన ఫోను కలిసేలోపల లేచి ఓ రెండు గిన్నెలు తోమండి."