విరిగిన ముక్క

ఉక్కు కర్మాగారం మేనేజరు ఇల్లు. మేనేజరు, అతని భార్య, ఉక్కు పరీక్షల గదిలో పనిచేసే ఆమె చెల్లెలు.

"కొలిమి దగ్గర నిద్రపోయి ఒకరి ప్రాణం తీసిన మనిషి ఊసు ఈ ఇంట్లో వద్దన్నానా లేదా? నాన్నయితే మాత్రం?"

"ఎత్తనులే అక్కా. బావగారితో పనుండి వచ్చాను."

"ఏం మరదలు పిల్లా, ఏమిటా పొట్లం?"

"నికెల్ ఉక్కు ముక్క బావగారూ. అవతలి ఫ్యాక్టరీ వాళ్ల ట్యాంకుది. ద్రవ నైట్రోజన్ నింపగానే గాజులా పగిలిందట."

"వాళ్లదా! ఇటివ్వు, ఇటివ్వు. మైక్రోస్కోపు ఫోటో ఏదీ?"

"ఇదిగో."

"నికెల్ పోస్తే చాలనుకుంటారు వెధవలు. లోపలి అల్లిక కుదరాలి. చూడు, ఎక్కడ చూసినా బిరుసు రేకులే. వాటి మధ్య సన్నగా మెత్తటి ఆస్టెనైట్ ఉండాలి. ద్రవ నైట్రోజన్ అంత చలిలో పగులుకి అడ్డం పడేది అదే. ఇందులో మచ్చుకైనా లేదు."

"ఎందుకు లేదంటారు?"

"రెండోసారి కాల్చినప్పుడు కొలిమిలో చాలినంతసేపు ఉంచలేదు. పచ్చిగా లాగేశారు."

"అక్కడా ఎవడో నిద్రపోయుంటాడు, మా నాన్నలాగే."

"నీ మొహం. నిద్రపోతే ఉక్కు పలక కొలిమి లోపలే ఉండిపోతుంది గానీ ముందే బయటికెలా వస్తుందే? ఎవడో పై ఆఫీసరు తొందరపెట్టి లాగించి..."

"లాగించి? ఆగిపోయారేం బావగారూ?"

"ఏం లేదు. ఈ ముక్క ఎక్కడిదన్నావు?"

"మీరు లాగించిన పలకదే, పోయినేడు పగిలిన మన ట్యాంకుది. మన తుక్కు కుప్పలోంచి ఏరుకొచ్చాను. ఏడాదిగా ఈ మాట మీ నోటితోనే, అక్క ఎదురుగానే అనిపించాలని కాచుకుని కూర్చున్నాను."

"అబద్ధమాడి నాచేత..."

"అవును, ఆడాను. నాన్న వద్దు మొర్రో అంటున్నా లాగించి, నిద్రపోయాడని నింద ఆయన మీదే వేశారు. ఆ ట్యాంకు పగిలి చచ్చిపోయిన వెల్డరు భార్య ఎదురైనప్పుడల్లా నాన్న మొహాన ఉమ్ముతోంది. ఆయన తుడుచుకుని, 'నిజంగానే కునుకు పట్టిందేమోనమ్మా' అంటున్నాడు. మిమ్మల్ని క్షమించను బావగారూ."

"ఏమే, నువ్వైనా నీ చెల్లెలికి చెప్పు. ఆర్డరు తొందర, పైనుంచి ఒత్తిడి..."

"అయితే నిజమేనన్నమాట."

"అది కాదే..."

"అక్కా, చెప్పులేసుకుంటున్నావెక్కడికి?"

"ఆ వెల్డరు భార్య ఉండేది ఎక్కడో చెప్పు చెల్లీ. ఈయన్ని నేనే తీసుకెళ్తాను."