పేరు చెరిపిన తలుపు

తనని ఉద్యోగంలోంచి తీసేసిన వారానికే మేనేజరు ఫోన్ చేయడంతో, బిల్డింగుల డ్రాయింగులు గీసే పెద్దాయన తాపీగా కుర్చీలో చేరగిలబడ్డాడు.

“బాబాయ్, కంప్యూటర్లో నువ్వు చేసిన తలుపుంది చూడు, వెడల్పు మారిస్తే అన్నీ వాటంతటవే సర్దుకునేవి. ఇప్పుడు ఆస్పత్రి ప్లాన్లో మూడొందల తలుపులకీ హ్యాండిల్ పోయి మడతబందుల వైపు కూర్చుంది!”

“మొన్నటిదాకా ‘ఏయ్ ముసలాయనా’. ఇవాళ బాబాయినయ్యానా? ఏం కెలికారు?”

“ఏం లేదు. లోపల నీ పేరుంటే తీసేసి నాది పెట్టా.”

“అది సంతకం కాదు సార్! హ్యాండిల్ ఎంత దూరంలో ఉండాలో, ఆ కొలతకి నేను పెట్టుకున్న పేరు. తలుపు లెక్కలన్నీ ఆ పేరుతోనే కొలతని వెతుక్కుంటాయి. మీరెవరో తలుపుకేం తెలుసు?”

“రేపు పొద్దున్నే ఆస్పత్రి వాళ్ళకి చూపించాలి, లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది.”

“నా పేరు మళ్ళీ కొట్టండి, అక్షరం పొల్లుపోకుండా.”

“అదే... నీ పేరెలా రాస్తావ్?”

“పన్నెండేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం! సరే, నన్ను పొమ్మంటూ ఇచ్చిన కాగితం మీద మీరే రాశారుగా.”

కీబోర్డు టకటకలాడింది.

“చూసే కొట్టా బాబాయ్, ఒప్పుకోవట్లేదు!”

“ఎలా ఒప్పుకుంటుంది సార్? అందులోనూ తప్పే రాశారు,” అని పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.