మాలకొండయ్య చూపించిన కందిచేను

చెంచమ్మకి నలభై నాలుగేళ్లు, చేలోకి దిగేముందు చెప్పులు గట్టు మీద విడిచిపెట్టే అలవాటు ఆమెది. ఆమె మొగుడు మాలకొండయ్య. రెండెకరాల కందిచేను వాళ్లకి. పాసుబుక్కులో పేరు మాలకొండయ్యది, చేలో చాకిరీ చెంచమ్మది. అదేం వింత కాదులే, మీ ఇళ్లల్లో చూసుకోండి. మాలకొండయ్య పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పాలకేంద్రం అరుగు మీదకి పోతాడు, రాజకీయాలు మాట్లాడతాడు, మధ్యాన్నం అన్నానికొస్తాడు. బోరేసిన రోజు చేలోకొచ్చి కొబ్బరికాయ కొట్టాడంట, అంతే, మళ్లీ అటు చూసిన పాపాన పోలేదు.

ఏమైందంటే, వ్యవసాయం చదివే కాలేజీ పిల్లలు ఆఖరేడు నాలుగు నెలలు ఊళ్లల్లో ఉండాలంట. ఒక్కో పిల్లకి ఒక్కో రైతుని చూపిస్తారు. ఆ రైతు వెనకాల తిరిగి పని నేర్చుకోవాలి, తాము చదివింది రైతుకి చెప్పాలి, అదంతా రికార్డులో రాయాలి, చేలో రైతు పేరుతో బోర్డు పాతాలి. చివర్లో కాలేజీలో సదస్సు పెడితే ఆ రైతొచ్చి మైకులో మాట్లాడాలి. మనూరికి ఆరుగురు ఆడపిల్లలొచ్చారు. అందులో షబానా అని గుంటూరు పిల్ల. ఆ పిల్ల చీటీ చూసుకుని, రైతు మాలకొండయ్యగారిల్లు ఇదేనా అనడిగితే, మనోడు కాలరు సర్దుకుని నేనే అన్నాడంట. అని, చెప్పులేసుకుని పాలకేంద్రానికి పోయాడు. నవ్వమాకండి, ఇంకా చాలా ఉంది.

ఆ పిల్ల ఏం చేసిద్ది, చెంచమ్మ వెనకాల చేలోకి పోయింది. కందికి పురుగు పట్టుంది. మందు కొట్టాలి పిన్నీ అంది. ఆగవే అమ్మాయ్ అని చెంచమ్మ పాత చీర తెచ్చి చెట్ల కింద పరిచి, కొమ్మ పట్టుకుని దులిపితే పురుగులు తపతపా రాలినయ్యనుకో. ఆ చీర మూటగట్టి ఇంటికి తెచ్చి కోళ్ల ముందు విదిలించింది. ఖర్చు లేదు, కంపు లేదు. పిల్ల మురిసిపోయి ఆ పూటే నాలుగు పేజీలు రాసిందంట. ఏం రాశావో చదువు, వింటానంది చెంచమ్మ. పిల్ల చదివింది, 'రైతు మాలకొండయ్యగారు పాత చీర పరిచి కంది చెట్లను దులుపుతారు' అని. చెంచమ్మ నవ్వీ నవ్వీ కూలబడింది. తర్వాత నవ్వాపి, "ఏ చీర పరిచాడో అడిగి రా పో" అంది.

పిల్ల మొహం చిన్నబోయింది. లిస్టు ఆఫీసు నుంచొచ్చింది పిన్నీ, పాసుబుక్కులో ఎవరి పేరుంటే వాళ్లే రైతు, నేను మారిస్తే మార్కులు పోతయ్యి, ఇందులో తప్పితే నా డిగ్రీ ఆగిపోయిద్ది అని బతిమాలింది. చెంచమ్మకి జాలేసింది గానీ మాట తిప్పలేదు. "నీ చదువు నాలుగేళ్లది, నాది ఇరవయ్యారేళ్లది. నా పేరు రాస్తే అన్నీ చెప్తా. లేకపోతే పేరున్నోడినే అడుక్కో" అంది. బోర్డు తయారై వస్తే చేలోకి తీసుకుపోనీలా, గోడకి ఆనించి పెట్టింది. పది రోజులు ఆ పిల్ల పాలకేంద్రం అరుగు దగ్గర కూర్చుని మాలకొండయ్య చెప్పే రాజకీయం విన్నది. రికార్డులో తెల్ల కాగితాలు తెల్లగానే ఉండిపోయినయ్యి.

పదకొండో రోజు కాలేజీ నుంచి పెద్దసారు తనిఖీకి జీపేసుకుని వచ్చాడు. చేను చూపించండి అన్నాడు. మాలకొండయ్య బోర్డు భుజానేసుకుని ముందు నడిచాడు, వెనకాల సారు, ఆరుగురు పిల్లలు, ఊళ్లో పనిలేని మగాళ్లంతా. పోయి పోయి ఓ కందిచేలో దిగి, గునపంతో గుంట తీసి బోర్డు పాతి, మట్టి తొక్కి, ఇదే సార్ మా చేను, కన్నబిడ్డలా చూసుకుంటా అన్నాడు. షబానాకి తెలుసు అది ఎవరి చేనో, తలొంచుకుంది. ఆ చేలో కలుపు తీస్తున్న రమణమ్మ నడుమెత్తి చూసి, "నా చేను ఎప్పుడు కొన్నావు బావా?" అంది, నెమ్మదిగానే.

పక్కనే తన చేలో చెంచమ్మ కొడవలి పట్టుకుని చూస్తా ఉంది. ఒక్క కేకేసి చెప్పొచ్చుగా అని తర్వాత మేం అడిగితే, ఆయన చేను కదా, ఆయనకి తెలీదా అంది.

సారు మొహం ఎర్రబడింది. రైతెవరు అనడిగాడు. అప్పుడు షబానా ముందుకొచ్చి, చెంచమ్మని చూపించి, "ఆమె సార్. నేను రికార్డులో అబద్ధం రాశాను. మార్కులు తీసేస్తే తీసెయ్యండి" అంది. లిస్టులో పేరు అలా మార్చకూడదమ్మా, దానికో పద్ధతి ఉండిద్ది అని సారు గొణిగాడు. గొణుగుతానే చెంచమ్మని, ఇది ఎన్ని రోజుల పంటమ్మా అనడిగాడు. చెంచమ్మ, "ముందు బోర్డు మార్చండి, తర్వాత అడగండి" అని మళ్లీ పనిలో వొంగింది. సారు ఎండలో నిలబడ్డాడు. చెమట తుడుచుకున్నాడు. ఆఖరికి రికార్డు తెమ్మని ఎర్ర పెన్నుతో ఆ పేరు కొట్టేసి, చెంచమ్మ అని రాసి, పక్కన సంతకం పెట్టాడు, బోర్డు మీద పేరు కూడా మార్పించాడు. పది రోజులు ఖాళీగా ఉందని రెండు మార్కులు మాత్రం కోశాడంట, పద్ధతి మనిషి. షబానా పాసయిందిలే, బెంగపడమాకండి.

మాలకొండయ్య వారం రోజులు అరుగు మొహం చూళ్లేదు. సదస్సులో చెంచమ్మ మైకు ముందు పావుగంట మాట్లాడింది, ఎక్కువ పురుగుల గురించే. ఈ కథలో నీతేందని నన్నడగమాకండి, మీ మొగుళ్లని చేను దాకా నడిపించి చూడండి, మీకే తెలిసిద్ది. మరుసటేడు చెంచమ్మ ఎకరన్నర కౌలుకి తీసుకుని కాగితం తన పేరున రాయించుకుంది, కోతకి మాలకొండయ్యని కూలికి పెట్టుకుంది, రెండో రోజు ఆలస్యంగా వచ్చాడని వెనక్కి పంపేసింది.