తునికిచెలక మట్టిని వదలని చాంద్ పాషా గారు

1990వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీ, శుక్రవారం మధ్యాహ్న నమాజు ముగించుకొని, ఇరవై అయిదేళ్ల చాంద్ పాషా గారు మన మృత్తికా పరీక్షా ప్రయోగశాలలో నమూనా సేకరణ సహాయకులుగా చేరారు. కొత్తగూడెం బజారులో రేకుపెట్టెలు చేసి అమ్మే కుటుంబంలో జన్మించి, తండ్రిగారి పక్కన కూర్చొని రేకు కత్తిరించిన ఆ చేతులతోనే వారు ముప్పై అయిదేళ్లకు పైగా మట్టిని తవ్వి, ఆరబెట్టి, జల్లించి, తూచారు. ఈ జనవరి 31న పదవీ విరమణ చేస్తున్న వారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని సావనీరు సంఘం కోరినప్పుడు సంతోషంగానే అంగీకరించాను. రాయడానికి కూర్చున్నాక మాత్రం, తునికిచెలక అనే ఒక్క ఊరిని దాటి నా కలం ముందుకు సాగలేదు.

తొలి పద్నాలుగేళ్లు బూర్గంపాడు మొదలుకొని మణుగూరు అడవి పల్లెల దాకా సైకిలు మీదా, తరువాత మోపెడ్ మీదా తిరిగి వారు సేకరించిన నమూనాలు వేలల్లో ఉంటాయి. 2004లో సాంకేతిక సహాయకులైన తరువాత కూడా, చదువురాని రైతుకు ఫలితాల కాగితం చేతికిచ్చి పంపడం వారికి ఇష్టముండేది కాదు. కూర్చోబెట్టి, చదివి, అర్థమైందో లేదో తిరిగి చెప్పించుకొని గాని లేవనిచ్చేవారు కాదు.

ఈ వ్యాసకర్త్రినైన నేను, ఉదయశ్రీ, 2011లో విభాగాధికారిగా ఈ కార్యాలయానికి వచ్చాను. 2016 జూన్‌లో, కూల్చివేసిన పాత సామాజిక భవనం స్థలంలో కొత్త భవనం కట్టే ప్రతిపాదన రాగా, అక్కడి మట్టిని తీసుకురావడానికి పాషా గారు తునికిచెలకకు వెళ్లారు. ఒకప్పుడు ఊరి పెళ్లిళ్లూ పంచాయితీలూ జరిగిన ఆ భవనంలో ఒక గదిని ఏళ్ల తరబడి దోమల మందు బస్తాలు దాచడానికి వాడుకున్నారు. పైకప్పు వానకు కూలి, బస్తాలు చీకి, మందు నేలలోకి దిగిపోయింది. ఇదంతా ఆ స్థలం పక్కింటి ముత్తక్క చెప్పగా వారు నోటులో రాసుకొచ్చారు.

"ఈడ గడ్డి మొలవది సారూ. కోళ్లు గీడ గింజలు ఏరుకున్నయంటే రెండొద్దులకు పడిపోతున్నయ్" అన్నదట ఆమె.

కూలిన మట్టిగోడల మన్ను మెత్తగా ఉండడంతో, దాన్ని తీసుకుపోయి ఇంట్లో అరుగులూ నేలా వేసుకున్నది కూడా ముత్తక్కే. "ఇప్పటికి ఒక ఇల్లు" అని పాషా గారు ఆ నోటు చివర రాశారు.

పురుగుమందుల అవశేషాలు కొలిచే పరికరాలు మన దగ్గర లేవు. "మన పరిధిలోనిది కాదు" అని రాసి, నేను ఆ ఫైలు మూసేశాను. వారు నా గదికి వచ్చి నిలబడ్డారు.

"మేడమ్, పరిధి మనది గాకపోవచ్చు. మట్టయితే మన టేబుల్ మీదికొచ్చింది గదా."

"పాషా గారూ, అన్నీ మనమే మోయలేం. ఆ సంగతి చూసే వాళ్లు వేరే ఉన్నారు" అన్నాను. ఆ వేరేవాళ్లకు ఒక ఉత్తరమైనా రాయలేదు.

2018లో వారు మళ్లీ నోటు పెట్టారు. నేను మళ్లీ అదే మాట రాశాను. 2019లో రెండు రోజులు సెలవు పెట్టి, నమూనాను తానే హైదరాబాదులోని ఒక పెద్ద ప్రయోగశాలకు తీసుకువెళ్లారు. ఉండదగిన దానికి ఎన్నో రెట్లు విషం ఉన్నట్టు నివేదిక వచ్చింది. దాన్ని నేరుగా కలెక్టరేటుకు పంపారు. అనుమతి లేకుండా నమూనాను బయటికి చేర్చినందుకు వారికి మెమో ఇచ్చారు. దాని కింద సంతకం నాది. ఆ మెమో కారణంగా ఆ యేడు రావలసిన పదోన్నతి ఆగిపోయింది, తరువాత ఇక రాలేదు.

నివేదిక కదలడానికి మరో మూడేళ్లు పట్టింది. 2022 వేసవిలో నిపుణులు వచ్చి ఆ స్థలంలో మూడడుగుల లోతు మట్టిని తవ్వి, పీపాల్లో మూసి తరలించారు. కానీ అప్పటికి ఆ మన్నుతో నేలలు వేసుకున్న ఇళ్లు ఒకటి కాదు, పదకొండు. యంత్రం లోపలికి పోదు గనుక, పదకొండు ఇళ్ల నేలలనూ మనుషులే పారలతో తీయవలసి వచ్చింది. పాషా గారు పద్దెనిమిది రోజులు అక్కడే ఉండి, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులతో ఆ కూలీలతోపాటు తవ్వారు.

మంచి మట్టి తెప్పించి, తానే పరీక్షించి, మొదటి ట్రాక్టరు దింపించగానే జంపక్క అనే పెద్దామె పిడికెడు తీసి నలిపి, అవతల పారేసింది.

"గీ మన్ను పూతకు రాదు. ఎండకు పగుల్తది."

"రిపోర్టుల మంచిగనే ఉందక్కా."

"నీ రిపోర్టు అలుకుతదా, నేనా?"

పాషా గారు నవ్వి, ట్రాక్టరు వెనక్కి పంపి, జంపక్కను మోపెడ్ మీద ఎక్కించుకొని వాగు వెంట మూడు చోట్ల మట్టి చూపించారు. ఆమె మెచ్చిన మట్టినే పరీక్షించి, పదకొండు ఇళ్లకూ అదే వేయించారు. ఆ కథ వారు మనందరికీ ఎన్నిసార్లు చెప్పి నవ్వించారో మీకు తెలుసు.

వారు చెప్పనిది ఒకటుంది. ముత్తక్క తన ఇంటి కొత్త నేలను చూడలేదు. 2021 ఎండాకాలంలో జబ్బుచేసి కాలం చేసింది. ఆ మట్టికీ ఆ మరణానికీ సంబంధముందని చెప్పగల ఆధారం నా దగ్గర లేదు. లేదని చెప్పే అర్హతా నాకు లేదు. పాషా గారు ఆ ఊరు వెళ్లినప్పుడల్లా ఆమె "మా మట్టి పట్కపోయినవ్, ఏం తేలిందో చెప్పవైతివి సారూ" అని అడిగేదట. హైదరాబాదు నివేదిక వచ్చిన మరునాడే వెళ్లి చెప్పారు. ఆ నేల మీద పడుకోవద్దని మంచం కూడా కొనిచ్చారు. ఈ సంగతి వారి సతీమణి శ్రీమతి అక్బరీ బేగం గారు చెప్పగా నాకు నిన్నమొన్ననే తెలిసింది.

మెమోను రద్దు చేయమని గత యేడాది పైకి రాశాను. గడువు దాటిందని జవాబు వచ్చింది. ఆ కాగితం చూపిస్తే వారు, "పోనియ్యుండ్రి మేడమ్. ఇవన్నీ సావనీర్ల రాయకుండ్రి, మీకు మంచిగుండది" అన్నారు. వారి మాట నేను కాదనడం ఇదేమీ మొదటిసారి కాదు. ఈసారైనా సరైన కారణానికి కాదన్నానని అనుకుంటున్నాను.

అక్బరీ బేగం గారికీ, వారి అమ్మాయి చిరంజీవి ఫరహాకూ ఒక మాట: మీ ఇంటికి రావలసిన గౌరవం దారిలో ఆగిపోవడానికి కారణం వారి లోపం కాదు, నా భయం. సభలో దండ వేసే ముందు ఈ మాట అందరి ఎదుటా చెప్పుకోవడం నా విధి.

పాషా గారూ, మీరు ఆయురారోగ్యాలతో, కంటి నిండా నిద్రతో, మనుమల సందడితో నిండు నూరేళ్లు జీవించాలని మన కార్యాలయం యావత్తూ మనసారా కోరుకుంటోంది. ఆ కోరికలో నా క్షమాపణను కూడా కలిపి స్వీకరించండి. పదేళ్లు ఆలస్యమైంది.