అర్జీల సంజీవయ్య కాలు

ఎవురంట వచ్చిండేది? ఆరోగ్యమోళ్ళా, దేవుడోళ్ళా? రెండూనా. ఏమిచ్చిపోయిరి? కాగితమా. మాత్రలు గీత్రలు ఏమీ లేవు. అయితే ఆ జాతే. కూర్చో అబ్బీ. ఈ రకమోళ్ళు మన ఊరికి కొత్తగాదు. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడే మాలపల్లెలో ఒకాయప్ప ఉండె, ఉపదేశి సంజీవయ్య. ఆదివారం ప్రార్థన చెప్పేది, మిగతా దినాలు అర్జీలు రాసేది. జమ్మలమడుగులో ఒక దొరసాని ఉండె. ఆయమ్మా, లండన్లో ఆయమ్మ మాదిరోళ్ళు ఇంకొందరూ కలిసి, లోకంలో రోగాలన్నీ పోవాలని దేవుని పేరుతో ఒక సంఘం పెట్టుకొనిండ్రి. లోకమంటే శానా పెద్దది గదా, దాంట్లో సింహాద్రిపురం పక్కనుండే మన ఊరు గూడా పడె. ఈ ఊరికి సెక్రెట్రీ సంజీవయ్య. ఎండాకాలంలో గూడా నల్లకోటు. లండన్ నుంచి దానం బట్టల మూటలో వచ్చిన కోటు అది, ఇద్దరు సంజీవయ్యలు పడతారు దాంట్లో.

ఆ సంఘం మందియ్యదు, సూదెయ్యదు. అడుగుతుంది. అంతే దాని పని. మా పెద్దమ్మ మహాలక్ష్మమ్మ ఒకనాడు ఆయప్పను నిలబెట్టె. 'ఏమప్పా సంజీవయ్యా, మీరు రోగం తగ్గిస్తారా?' 'లేదమ్మా, తగ్గించమని సర్కారును అడుగుతాం.' 'అడిగితే చేస్తారా?' 'చేసేదాకా అడుగుతాం.' 'అట్లయితే మన ఊరి దాసరి గూడా సెక్రెట్రీనే గదప్పా, వాడూ పెట్టేదాకా అడుగుతాడు' అనె. సంజీవయ్య నవ్వలేదు. నవ్వేది ఆ సంఘంలో లేదేమో. తలొంచి, 'దాసరి తన కడుపుకు అడుగుతాడమ్మా' అని పాయె. మా పెద్దమ్మకు ఆపొద్దంతా కూడు సయించలేదు.

ఏమడుగుతాండె అంటే, మన దిగుడుబావికి మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టమని. నీకు నారికురుపు తెలీదులే. దారం మాదిరి బారెడు పురుగు, కాల్లో పెరుగుతుంది. కురుపై పగిలి తల బయట పెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి దినానికింత లాగాల. తెగిందా, కాలు వాచి మంచమెక్కాల్సిందే. ఆ కాళ్ళతోనే మెట్లు దిగి, నీళ్ళల్లో నిలబడి కడవలు ముంచుతాండ్రి. ఆ నీళ్ళే తాగుతాండ్రి. మనలోనుంచి బావిలోకి, బావిలోనుంచి మనలోకి, కొత్త కోడలు పుట్టింటికి పోయొచ్చినట్ల తిరుగుతాండె ఆ పురుగు. గోడ వచ్చేదాకా నీళ్ళు గుడ్డలో వడగట్టుకోండి, వడగట్టినోనికి నారి రాదు అని సంజీవయ్య వీధివీధికీ చెప్పె. మనోళ్ళు విన్యారు. విని, ఆయప్ప కోటు పొడుగ్గురించి మాట్లాడుకొన్యారు.

అడగ్గా అడగ్గా కర్నూలు నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చె, దొరసానిని ఎక్కించుకొని. రోగులు కనపడితే బావికి గోడ, లేకుంటే లేదు. అదీ మాట. మన మునసబు శేషారెడ్డి ఏం చేసె? ఆయన కూతురికి పులివెందులోళ్ళ సంబంధం చూస్తాండ్రి. నారికురుపుల ఊరని తెలిస్తే పిల్లనెవురు చేసుకుంటారని, కుంటేటోళ్ళనందర్నీ తెల్లారకముందే గుట్టకవతల గొర్రెల దొడ్లోకి తోలె. వీధులకు కళ్ళాపి, జీపుకు పూలమాల. 'మా ఊళ్ళో రోగమా? మా ఊళ్ళో తుమ్ము గూడా లేదు సార్.' ఆఫీసరు రెండు వీధులు చూసె, మజ్జిగ తాగె, జీపు దిక్కు నడిచె.

ఒకటి చెప్పేది మరిచినా. అప్పటికి సంజీవయ్య కాల్లోనే నారి ఉండె, పంచె కింద దాచిపెట్టుకొనిండె. వడగట్టమని ఊరికి చెప్పినోనికి నారేంది అంటావా? ఆయప్పను బావిలోకి దిగనిచ్చేది యాడిది. గట్టు మీద నిలబడి దోసిలి పట్టాల, ఎవురన్నా కడవతో పైనుంచి పోస్తే తాగాల. దోసిలికి గుడ్డ యాడ కడతాడు? ఒక్కసారి కట్టబోతే, నీళ్ళు పోస్తాండే చిన్నసుబ్బమ్మ అనిందంట, 'ఏందప్పా, నా నీళ్ళు నువ్వు వడగడతావా? నా చేతి నీళ్ళంటే అంత రోతనా?' గుడ్డ తీసేసె. ఎడంగా నిలబడే పోస్తాండ్రి. పురుగు మాత్రం ఎడం పాటించలేదు.

కాలు చూపిస్తే దొరసాని ముందర మానం పోతుంది. చూపించకుంటే జీపు పోతుంది. ఎంతసేపు కొట్టుకులాడినాడో ఏమో, ఇంజను పలికినాక అడ్డం పోయి, పంచె మోకాలు దాకా ఎత్తి కాలు బానెట్టు మీద పెట్టె. పిక్క మీద పుల్లకు చుట్టిన పురుగు. ఆఫీసరు దిగె. దొరసానిది బైబిలు తెలుగు. 'సంజీవయ్యా, నీవును వడగట్టకపోతివా?' అనె.

నీళ్ళు పోసేటోళ్ళు చుట్టూ నిలబడి వింటాండ్రి. రేప్పొద్దున మళ్ళా వాళ్ళే పోయాల. సంజీవయ్య ఒకసారి అందరి దిక్కూ చూసి, 'మరిచిపోతినమ్మా' అనె.

ఒక కాలు బయటపడితే తక్కినవి ఎంతసేపు దాగుతాయి? ఎవురో నోరు జారిరి, ఆఫీసరు గుట్టకవతలికి నడిచె. దొడ్డి తడిక తీస్తే ముందర చిన్నసుబ్బమ్మ కుంటుకుంటా వచ్చె. 'మాకు గూడా జీపు చూడాలని ఉండదా' అనె. మునసబు ఆఫీసరు పక్కన చేరి, 'వీళ్ళు గొర్రెలు చూసేదానికి వచ్చిండారు సార్' అనె. నేను గూడా ఆ దొడ్లోనే ఉంటి, అంతమందిమి కాసేదానికి ఆడ ఉండేది నాలుగు గొర్రెలు.

గోడ వచ్చె, గిలక వచ్చె. బావి మీద రాయిలో మునసబు పేరు చెక్కిరి. గిలకబావి ఉండే ఊరని పులివెందులోళ్ళు సంబంధం గూడా ఒప్పుకొనిరి. లండన్ పత్రికలో ఫోటో పడిందంట, మోకాలు దాకానే, మొగం లేదు. తను చెప్పింది తనే చేయనోడు సెక్రెట్రీగా తగడని దొరసాని ఆయప్పను తీసేసి, ప్రొద్దుటూరాయన్ను ఎవరినో పెట్టె. ఆ కొత్తాయన మన ఊరికి ఒకసారే వచ్చె, గిలకతో ఫోటో దిగి పాయె. సంజీవయ్య కోటు వాపసియ్యబోతే, అక్కరలేదు ఉంచుకోమనిరి. అంత ధర్మాత్ములు.

ఏంది? గిలక తాడా? ఆ తాడు సంజీవయ్యను పట్టుకోనిచ్చిరా అనా?



అదో, నీ మేక ఎవురిదో జొన్న చేన్లో పడె. పో, తోలుకొచ్చుకో పో.