డబ్బాలోంచి కంప్యూటర్‌లోకి

గురజాలలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే కోడలు నిరోషకి కొత్త హార్డ్ డిస్క్ కొనిచ్చి, ఆదెమ్మ మురిసిపోతూ పక్కనే కూర్చుంది. నిరోష పాత ఏటీఎం కార్డు తీసి ఆ డిస్కు పైనున్న ప్లాస్టిక్ డబ్బా అంచులోకి దూర్చింది.

"ఏమే! కొత్తదాన్ని పగలగొడతన్నావేంది?"

"కంప్యూటర్ లోపలి డిస్కు పోయిందిగా అత్తా. కొట్లో బయట పెట్టుకునేదే దొరికింది. దీన్ని వైరుతో నడిపితే వీడియో ఆగి ఆగి వస్తంది. అందుకే ఇప్పి లోపల బిగిస్తన్నా."

"ఇప్పితే గ్యారంటీ ఉంటదా?"

"ఉండదు. కొన్నిటికి లోపల మన కంప్యూటర్ వైరు పట్టదు కూడా. ఇప్పితేగానీ తెలీదు."

ఆదెమ్మ కొత్త డిస్కు వంక ఒకసారి చూసుకుంది. అయినా వద్దనలేదు.

"నీ పనికనేగా కొన్నా. కానీయ్."

డబ్బా టక్కున ఊడింది. నిరోష లోపలి డిస్కుకి వైరు తగిలించి చూసింది.

"పట్టింది అత్తా! చానా బాగా పట్టింది."

బిగించి ఆన్ చేయగానే కంప్యూటర్ డిస్కుని గుర్తుపట్టింది. ఆదెమ్మ తెర దగ్గరికి జరిగింది.

"బానే ఉంది గానీ, లోపలికి పోయినాక అది నేను కొనిచ్చిందని ఎవరికి తెలుస్తదే?"

"కంప్యూటర్ దానికో పేరు పెట్టమంటంది. పెట్టా. చదువు."

ఆదెమ్మ తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుంది.

"ఆ... దె... మ్మ. నా పేరేందే!"

"ఇంక ఈ ఊరి పెళ్ళిళ్ళన్నీ నీలోనే దాస్తా అత్తా."