మొసలెక్కిన అక్క కొడుకు

(డెడ్జా కొండల కింద, ఏటికి ఇవతలి పల్లె. ముసలి బిలియాతి ఇంటి అరుగు. అవతలి ఊళ్లో నిన్న పోయిన డాక్టరు సిందాయి పెద్ద కూతురు తకోండ్వా వచ్చి నిలబడింది.)

"కూర్చోను తాతయ్యా. కూర్చోడానికి రాలేదు. లే, పోదాం."

"ముందా పీట లాక్కో. మీ నాన్నా ఇంతే, నిలబడే మాట్లాడేవాడు. ఓసారి అలా నిలబడే నిద్రపోయాడు. కొంగొచ్చి, చెట్టనుకుని భుజమ్మీద గూడు కట్టింది."

"తాతయ్యా!"

"రెండు గుడ్లు కూడా పెట్టింది. నువ్వప్పటికి పుట్టలేదులే."

"నిన్న పొద్దున్న ఆసుపత్రికి బయల్దేరుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూలిపోయాడు. ఇవాళ చాప మీదున్నాడు. ఊరు ఊరంతా వచ్చింది. నువ్వు రాలేదు."

"మోకాళ్లే."

"మొన్న ఆదివారం బీరు తాగి గంతులేశావట?"

"గంతులేసే మోకాళ్లు వేరు, చావింటికెళ్లే మోకాళ్లు వేరు."

"గుంట తవ్వేవాళ్లు పారలు పట్టుకుని ఊరికే కూర్చున్నారు. ఊరి పెద్ద తవ్వనివ్వట్లేదు. అల్లుడు పరాయి రక్తం, మా శ్మశానంలో పెట్టం, వాళ్లమ్మ తరఫువాళ్లొచ్చి తీసుకుపోవాలంటున్నాడు."

"కొత్తమాటేం కాదుగా. ఏ అల్లుడు పోయినా అంతే."

"నాన్నకెవరున్నారు? బురుండిలో ఆ యుద్ధంలో అందరూ పోయారు. ఎవరూ రాకపోతే మిల్లు వెనక పెడతారట."

"ఏ మిల్లు?"

"మొక్కజొన్న మిల్లు. లారీ కింద పడ్డ దారినపోయేవాళ్లని పెడతారే, అక్కడ. ఊళ్లో సగం మందికి పురుడు పోసిన మనిషిని తాతయ్యా!"

"ఆ ఊరి పెద్ద పొట్ట కోసి పేగు సరిచేసిందెవరంట? మీ నాన్నే. లోపలేముందో చెప్పరా అంటే నవ్వి ఊరుకునేవాడు. నేనైతే ఊరంతా చాటేవాణ్ని."

"నువ్వొచ్చి పెద్దని బతిమాలు. మా అమ్మ వాళ్ల శ్మశానంలో ఓ మూల చోటిమ్మను. పెళ్లిలో నాన్నకి మేనమామగా నిలబడింది నువ్వేగా?"

"నిలబెట్టారు. మేనమామ లేని పెళ్లికొడుక్కి పిల్లని ఇవ్వం అన్నారు మీ అమ్మ వాళ్లు. నేను సంతలో ఎండుచేపలు బేరమాడుతున్నా. ముక్కూ మొహం తెలీదు, వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయనా, ఒక్క పూటకి మేనమామవవుతావా అన్నాడు. ఒక్క పూటకేనే పిల్లా!"

"కోడిపుంజు చంకన పెట్టుకెళ్లి నువ్వు చెప్పిన కథ తల్చుకుని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. మొన్నటిదాకా నవ్వేది."

"ఏం చెప్తాను మరి? నల్లగా నాలాగే ఉన్నాడు, అంతవరకే చుట్టరికం. మా అక్క చిన్నప్పుడు అలిగి, మొసలెక్కి, ఓ సరస్సు దాటి, ఇంకో సరస్సు దాటి, ఆ దేశం పోయింది, అక్కడ వీడు పుట్టాడన్నాను. పడీ పడీ నవ్వి, పుంజు పుచ్చుకుని పెళ్లికి ఒప్పుకున్నారు."

"ఇవాళా అదే చెప్పు."

"ఇవాళా నవ్వుతారు కదే! నన్ను చూస్తేనే నవ్వొస్తుంది మీ ఊరికి. వాడి శవం ముందు నేను నోరు తెరవగానే ఎవడో పక్కున నవ్వితే... నావల్ల కాదు."

"అందుకా రాలేదు?"

"మోకాళ్లు కూడా."

"నాన్న నవ్వలేదుగా నీ మాటకి."

"నవ్వలేదు. అదే వచ్చిన తంటా. పెళ్లయిన మర్నాడు పొద్దున్నే వచ్చి, చెప్పులు విడిచి కింద కూర్చున్నాడు. మావయ్యా, ఇవాళ పొలంలో ఏం పని అన్నాడు. డాక్టరు! కలుపనుకుని నా బొబ్బర్లన్నీ పీకేశాడు."

"ప్రతి కోతకీ వచ్చేవాడు. మాకెవరికి జ్వరమొచ్చినా సెలవు పెట్టేవాడు, నీ కోతకీ పెట్టేవాడు. బడికెళ్లే ముందు మా ముగ్గురికీ జడలు తనే వేసేవాడు."

"చూశాగా ఆ జడలు. మీరు దారిన పోతుంటే కోతులు జాలిపడేవి."

"నీకింకోటి తెలుసా? శరణార్థుల శిబిరానికెళ్లి, కొత్తగా ఎవరొచ్చినా మీది ఏ కొండ అని అడిగేవాడు. వాళ్ల దేశంలో ఊరు కాదు, కొండ పేరు చెప్పుకుంటారట. ఏళ్లకేళ్లు అడిగాడు. ఆ కొండ మనిషి ఒక్కడూ రాలేదు."

"తెలుసు. ఓసారి నన్నూ లాక్కెళ్లాడు. అక్కడో ముసలమ్మ ఎదురడిగింది, నీకెవరూ మిగల్లేదా నాయనా అని."

"నాన్నేమన్నాడు?"

"ఎండ బాగా ఉందారోజు."

"తాతయ్యా, నాన్నేమన్నాడు?"

"వేలెత్తి నన్ను చూపించాడు."

"నిన్నే చూపించాడా, తాతయ్యా?"

"ఏడవకే. నువ్వేడిస్తే నాకు అబద్ధం కూడా తోచదు."

"మరి రా. ఓ మూల అడుగు చాలు. కాస్త మూల."

"అడగను."

"తాతయ్యా!"

"మూలలూ అడగను, ఎవణ్నీ బతిమాలను. నవ్వేవాణ్ని నవ్వనీ. నువ్వు ముందు పరిగెత్తు, శవాన్ని వాకిట్లోకి తెమ్మను. ఏటికి ఇవతల, మా శ్మశానంలో, మా అమ్మ పక్కన నాకని ఉంచుకున్న చోటుంది. మా పిల్లాణ్ని తీసుకుపోడానికి మేనమామ వస్తున్నాడని చెప్పు."